రోవీనా ఆంటీ గుర్రమెక్కిన జూన్

రోవీనా పువాలేయి కెకుము అన్న పేరు ఇవలానీ మొదటిసారి వినేసరికే ఆ పేరుగల మనిషి చేతులు ఆమె నడుమును బిగించి పట్టుకొని ఉన్నాయి. మొలొకాయి దీవి నుంచి కోహాలాకు ఇవలానీ కోడలుగా వచ్చి అప్పటికి ఏడాది తిరగలేదు. జూన్ నెలలో పాతకాలపు రాజుగారి పేరిట జరిగే ఊరేగింపులో, పుట్టినింటి దీవి తరఫున పాఊ అనే ఆకుపచ్చని పొడుగాటి స్వారీబట్ట కట్టుకొని గుర్రం మీద కూర్చోవలసింది ఆమేనని అత్తవారు నిశ్చయించారు. తెల్లవారుతూనే చర్చి వెనుక ఉన్న షెడ్డులోకి తీసుకువెళ్ళి నిలబెట్టారు. అక్కడ ఎండుచేప ముక్క నములుతూ, పట్టుబట్ట తానును భుజాన వేసుకొని, పొట్టిగా దిట్టంగా ఉన్న ఒక స్త్రీ ఆమెను పైనుంచి కిందికి చూసింది.

“కాళ్ళు ఎడంగా పెట్టు. ఇంకా. గుర్రం మీద కూర్చున్నట్టు పెట్టమ్మా, ఫోటోకి నిలబడ్డట్టు పెడతావేం? నా పేరు రోవీనా పువాలేయి కెకుము. సాయంత్రం దాకా నన్ను తిట్టుకుంటావుగా, పేరు తెలిస్తే తిట్టుకోడం సులువు. ఊపిరి వదులు.”

“వదిలాను ఆంటీ.”

“అది వదలడమా? పెళ్ళయినదానివి, నిట్టూర్చడం కూడా రాదా ఇంకా?”

షెడ్డులోని ఆడవాళ్ళందరూ పకపకా నవ్వారు. ఆ నవ్వు ముగిసేలోగా పన్నెండు గజాల బట్ట ఇవలానీ నడుము నుంచి మడమల దాకా మడతలు మడతలుగా జారి నిలిచింది. దానికి ముడి లేదు, పిన్ను లేదు. నడుము దగ్గర ఒక్కొక్క మడతనూ ఒక్కొక్క కుకుయి కాయ చుట్టూ మెలిపెట్టి లోపలికి దోపింది రోవీనా. ఆ బిగువు మీదనే బట్ట అంతా నిలవాలి. కట్టడం పూర్తయ్యాక ఇద్దరు మగవాళ్ళు ఎత్తి జీను మీద కూర్చోబెట్టారు. ఊరేగింపు ముగిసేదాకా దిగడమన్న మాట లేదు.

“దారిలో ఏం జరిగినా బట్ట మీంచి చెయ్యి తియ్యకు,” అన్నది రోవీనా కిందినుంచి. “దారి గుర్రం చూసుకుంటుంది. బట్టని చూసుకునేది నువ్వే.”

ఆ తరువాత పదిహేనేళ్ళపాటు ఇవలానీకి ప్రతి జూన్‌లోనూ ఆ మాట వినబడుతూనే ఉన్నది. ఒక్కొక్క దీవికీ ఒక్కొక్క రంగు, ఒక్కొక్క పువ్వు. ఏ రంగు కట్టినవారైనా, ఊరేగింపు రాణి పీఠం దక్కినవారైనా, ముందుగా రోవీనా చేతుల్లోకి వచ్చి ఊపిరి వదలవలసిందే. ఆమె తండ్రి సాలమన్ కెకుము పశువుల కొండల మీద పేరుమోసిన పానియోలో, అంటే గుర్రం మీద తిరిగే పశువుల కాపరి. అడవి గుర్రాలను పట్టి, లొంగదీసి, జీను వేయడమే ఆయన వృత్తి. తండ్రి గుర్రాన్ని సిద్ధం చేస్తే కూతురు రౌతును సిద్ధం చేస్తుందని ఊరంతా చెప్పుకొనేది. రోవీనా పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా ఎందుకని అడిగితే, “మొగవాళ్ళని ఎంత చుట్టినా నిలవరు, జారిపోతారు,” అనేది.

ఇవలానీ ఈలోగా భర్త మెడైరోస్‌కు వాటాగా వచ్చిన పచ్చికబయలులో గుర్రపుస్వారీ నేర్పడం మొదలుపెట్టింది. పిల్లలు వచ్చేవారు, ఊరికి చుట్టపుచూపుగా వచ్చిన పట్నవాసులు వచ్చేవారు. భయపడేవారికి నేర్పడంలో ఆమెకు మంచి పేరు వచ్చింది. ఆమె పద్ధతి ఒకటే: పడితే కన్నీరు ఆరకముందే మళ్ళీ ఎక్కించడం. తన తండ్రి తనకు అలాగే నేర్పాడు. అందరి తండ్రులూ అలాగే నేర్పారు.

ఒక ఏప్రిల్ ఆదివారం, చర్చి భోజనాల దగ్గర, ఊరేగింపు కమిటీ పెద్ద క్లారెన్స్ అంకుల్ గరిటెతో గిన్నె మోగించి, ఆ ఏటి పాఊ రాణిగా రోవీనా కెకుమును ఎన్నుకొన్నామని ప్రకటించాడు. ఇన్నేళ్ళుగా ఈ ఆలోచన తమకు రానందుకు సిగ్గుపడుతున్నామని కూడా అన్నాడు. చప్పట్లతో రేకుల కప్పు అదిరింది. అంతటి మర్యాదను కాదనడం అక్కడ ఎవరూ చేయరు, ముందుగా ఇష్టమేనా అని అడగడమూ చేయరు. రోవీనా చిరునవ్వుతో తల వంచింది. ఆమె చేతిలోని పోయి అనే దుంపజావ గిన్నె మాత్రం మెల్లగా పక్కకు ఒరిగి, ఆ జావ అంతా ఒడిలోకి కారిపోతున్నదని ఆమెకు తెలియనేలేదు.

మరునాడు ఉదయం ఇవలానీ దొడ్డిలో గడ్డి వేస్తుండగా రోవీనా వచ్చింది.

“ఇవలానీ, తలుపు మూయి.”

“ఇది గుర్రాల దొడ్డి ఆంటీ. దీనికి తలుపెక్కడిది?”

“అయితే నోరు మూయి. మూసి విను. నాకు గుర్రం ఎక్కడం రాదు.”

ఇవలానీ నవ్వింది. ఆ మాటకు కొసరు మాట ఏదో వస్తుందని ఎదురుచూసింది. రాలేదు. “మర్చిపోయారా ఆంటీ? చాలాకాలమైందా?” అన్నది.

“మర్చిపోవాలంటే ముందు వచ్చుండాలి కదే! అరవై రెండేళ్ళొచ్చాయి. ఏడేళ్ళప్పుడు ఒకే ఒక్కరోజు ఎక్కాను. అంతే.”

గడ్డిమోపు ఇవలానీ చేతుల్లోంచి జారి పాదాల మీద పడింది. చర్చి కప్పు కూలిందని ఎవరైనా చెప్పి ఉంటే ఇంతకంటే తేలికగా నమ్మి ఉండేది. సాలమన్ కూతురు! ఊరిలోని ఆడవాళ్ళందరికీ గుర్రం మీద ఎలా కూర్చోవాలో చెప్పిన మనిషి! ఈ పదిహేనేళ్ళలో ఆమెను జీను మీద ఎప్పుడైనా చూశానా అని తనను తాను ప్రశ్నించుకొంటే, ఒక్క దృశ్యమూ గుర్తుకు రాలేదు. అయినా చూసినట్టే నమ్మింది. అందరూ అలాగే నమ్మారు.

“ఎవరూ అడగలేదు,” అన్నది రోవీనా. “నేను చెప్పలేదు. అబద్ధం ఒక్కటీ ఆడలేదు, కావాలంటే వెతుక్కో.”

తరువాత ఆ ఒక్కరోజు సంగతి చెప్పింది. రికాబులో కాలు ఇరుక్కున్న పిల్లను గుర్రం కంచె పొడుగునా ఈడ్చుకుపోయింది. తండ్రి పరుగున వచ్చి విడిపించాడు. వీపు చీరుకుపోయి నెత్తురు కారుతున్న పిల్లను ఆ క్షణమే మళ్ళీ అదే గుర్రం మీద కూర్చోబెట్టాడు. ఏడుపు ఆపేదాకా దింపనన్నాడు. కంచె మీద కూర్చున్న పానియోలోలు మంచి మనసుతోనే నవ్వుతూ, ఈలలు వేస్తూ ఉత్సాహపరిచారు.

“పొద్దు వాలేదాకా ఆగలేదు ఏడుపు. ఆగాక దింపాడు. ‘చూశావా, భయం పోయింది,’ అన్నాడు మా నాన్న. పోలేదే! గొంతు పోయింది, అంతే. మర్నాటినుంచి అమ్మ పక్కన చేరి బట్ట కట్టడం నేర్చుకున్నాను. గుర్రాల దగ్గరే ఉండొచ్చు, నేలమీద ఉండొచ్చు. ఎవరికీ అనుమానం రాదు.”

ఇవలానీ చూపు పిల్లల కోసం ఉంచిన చిన్న జీను మీదికి పోయింది. పడితే వెంటనే ఎక్కు! ఎంతమంది పిల్లలతో అన్నదో ఆ మాట! ఏడుపు ఆగిన ప్రతి పిల్లనూ చూసి, తానూ సరిగ్గా అదే మాట అనుకొన్నది, భయం పోయిందని.

“ఒంట్లో బాగాలేదని చెప్పేద్దాం ఆంటీ. క్లారెన్స్ అంకుల్‌తో నేను మాట్లాడతాను.”

“మాట్లాడావంటే నీ మొహం చూడను. కాదనడానికి రాలేదు నేను, ఎక్కడానికొచ్చాను. ఊరికి ఇష్టమై అడిగింది. జూన్ దాకా టైముంది. నేర్పుతావా, నేర్పవా?”

“నేర్పుతాను. కానీ ఒక్క మాట. దింపమని మీరన్న మరుక్షణం దింపేస్తాను. ఎందుకని అడగను. ఎన్నిసార్లయినా సరే.”

రోవీనా వంగి ఆ గడ్డిమోపును ఆమె పాదాల మీదినుంచి తీసింది. “మా నాన్నకి ఆ ముక్క ఎవరూ చెప్పలేదేం?” అన్నది.

దొడ్డిలో ఉన్నవాటిలో ముసలిది, మెత్తనిది పోహకు. ఆ పేరుకు రాయి అని అర్థం, గుణమూ అదే. కొన్నాళ్ళపాటు రోవీనా దాన్ని తోముతూ తిట్టింది. “ఏరా పోహకూ, నీకు నడవడం వచ్చా? లేక నువ్వూ నాలాగే ఊరిని నమ్మించావా?” అనేది. జీను మీదికి ఎక్కిన మొదటి రోజున ఇవలానీ భయం ఎలా ఉంటుందో చూసి నిర్ఘాంతపోయింది. ఎదుటి మనిషి ముఖం మీదికి ఏడేళ్ళ పిల్ల ముఖం వచ్చి కూర్చున్నది. పెదవులు నీలమయ్యాయి. పగ్గం పట్టుకొన్న వేళ్ళను విప్పడానికి ఒక్కొక్కటిగా లాగవలసి వచ్చింది. “దింపు” అన్న మాట పైకి రానేలేదు, పెదవులు మాత్రమే కదిలాయి. ఇవలానీ ఆ క్షణమే దింపింది. మర్నాడూ దింపింది. పోహకు వీపు మీద ఆమె నిలిచే సమయం ఒక నిట్టూర్పు నుంచి ఒక పాట చరణం దాకా పెరగడానికి వారాలు పట్టింది. అయినా మాట తప్పకుండా దింపుతూనే ఉన్నది.

మే నెలలో ఇద్దరూ పోహకును కవైహాయే సముద్రపు ఒడ్డుకు తీసుకువెళ్ళారు. పాతకాలపు పానియోలోలు పొగరుబోతు గుర్రాలను ఛాతీలోతు సముద్రంలోకి దింపి మొదటిసారి ఎక్కేవారు. నీటిలో గుర్రం ఎగిరి తన్నలేదు, మనిషి పడినా దెబ్బ తగలదు. గుర్రాల కోసం పుట్టిన ఆ ఉపాయాన్ని ఇవలానీ మనిషి కోసం వాడింది. వెలిసిపోయిన పూల నిక్కరు వేసుకొని రోవీనా నీళ్ళలోంచే పోహకు వీపు మీదికి పాకింది. అల ఒకటి వచ్చింది. గుర్రం పక్కకు ఒరిగింది. ఆమె తలకిందులుగా మునిగిపోయింది.

ఇవలానీ నీళ్ళను తోసుకొంటూ ముందుకు దూకింది. ఆమె చేయి అందించేలోపునే నెరిసిన జుట్టు ముఖమంతా పరుచుకొని రోవీనా పైకి తేలింది. ఉప్పునీళ్ళు ఉమ్మింది. కళ్ళు పెద్దవి చేసి చుట్టూ చూసింది.

“పడ్డానా?”

“పడ్డారు ఆంటీ.”

“ఇంతేనా పడడమంటే?”

“నీళ్ళలో ఇంతే.”

“ఔవే, అయ్యబాబోయ్!” అన్నది రోవీనా. తరువాత నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి గుర్రం మెడను వాటేసుకొన్నది. ఆ రోజు కావాలనే ఎన్నోసార్లు పడింది. “ఏమే పిల్లా, చూస్తూ నిలబడ్డావేం, తొయ్యి నన్ను!” అని కేకలు పెట్టింది. అయితే, ఒడ్డెక్కాక ఇసుక మీద మళ్ళీ అవే పెదవులు, అదే నీలిమ. ఈసారి ఆమె దింపమనలేదు. “కాసేపుంచు,” అన్నది. “అడిగితే దింపుతావుగా?”

“దింపుతాను.”

“అయితే ఉండనీ.”

సాయంత్రాల్లో పాఠం తారుమారయ్యేది. ఊరినంతటినీ చుట్టిన మనిషికి పాఊ చుట్టేవారు లేరు. ఆ విద్య ఇవలానీ నేర్చుకోక తప్పింది కాదు. కాయ చుట్టూ మెలిపెట్టడం రాక ఆమె బట్టంతా ఉండచుట్టినప్పుడల్లా రోవీనా, “అది పాఊయా, తడి దుప్పటి పిండుతున్నావా?” అని దెప్పేది. జూన్ వచ్చేసరికి ఆమె చేయి కుదురుకొన్నది. రోవీనా కూడా పోహకు మీద పచ్చికబయలును చుట్టి రాగలిగింది. దింపమన్న మాట అప్పటికీ రోజుకొకసారైనా వచ్చేది. ఊరేగింపులో మాత్రం ఆ మాటకు చోటు లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ ఎత్తలేదు.

ఊరేగింపు ఉదయం షెడ్డులో అందరినీ బయటికి పంపి, ఇవలానీ ఎర్రని పట్టుబట్ట పరిచింది. రోవీనా ముఖంలో రక్తం లేదు. పాఊ కింద సముద్రంలో వేసుకొన్న ఆ పూల నిక్కరే వేసుకొన్నది. అది ఒంటి మీద ఉంటే నీళ్ళలో ఉన్నట్టుంటుందని చెప్పింది. ఎవరి నడుము దగ్గరైనా ఒక్క కాయ వదులైతే పది అడుగుల దూరం నుంచి కనిపెట్టే ఆ మనిషి, ఆ ఉదయం తన నడుమును తాను ఒక్కసారైనా తడిమి చూసుకోలేదు.

“ఇవాళ కూడా అడగొచ్చా?” అన్నది.

“అడగండి ఆంటీ. రాజుగారి ఊరేగింపైనా సరే, ఆపించి దింపుతాను. పక్కనే నడుస్తుంటాను.”

బాజాలు మొదలయ్యాయి. శంఖాలు ఊదారు. మెడలో ఎర్రపూల దండతో పోహకు తన రాతినడక నడిచింది. రోవీనా ఒక చేత పగ్గమూ, ఒక చేత బట్టా పట్టుకొని, బొమ్మలా నిటారుగా కూర్చున్నది. దారికి రెండు వైపులా జనం చేతులు ఊపారు. మైకులో క్లారెన్స్ అంకుల్ గొంతు మోగింది: “ఇదిగో మన రాణి! నడక రాకముందే స్వారీ వచ్చిన పిల్ల! సాలమన్ కూతురు, మన రోవీనా!” ఇవలానీ తల దించుకొని నవ్వు ఆపుకొన్నది.

అలా దించుకొన్న కళ్ళకే అది కనిపించింది. నల్లగా మెరుస్తూ ఒక కుకుయి కాయ రోడ్డు మీద దొర్లిపోతున్నది.

ఇవలానీ దాన్ని గుర్తుపట్టింది. రాణిగారి కాయలు మెరవాలన్న ముచ్చటతో, ముందురోజు వాటి గరుకంతా పోయేలా రుద్ది నూనె పట్టించినది ఆమే. పట్టుబట్టలో నున్నని కాయ నిలుస్తుందా అన్న ఆలోచన ఆమెకు రాలేదు, చూసుకోవలసిన మనిషి భయంలో చూసుకోలేదు. రెండో కాయ రాలింది. అంతలో కొండల మీదినుంచి కోహాలా గాలి విసురుగా దిగింది. వదులైన పట్టుబట్ట తెరచాపలా లేచి, పోహకు పక్కటెముకలను కొట్టి, దాని కళ్ళకు అడ్డం పడింది.

ఇన్నేళ్ళలో తొందర అంటే ఎరుగని గుర్రం ముందుకాళ్ళెత్తి లేచింది.

జనంలోంచి ఒక్క కేక పుట్టి సగంలోనే ఆగింది. బాజాలు ఆగాయి. రోవీనా ఒక చేయి ఇంకా బట్టను గుప్పిట పట్టుకొనే ఉన్నది, ఊరందరికీ తాను చెప్పినట్టే. ఇవలానీ పరుగెత్తింది.

“ఆంటీ! దింపుతున్నాను, ఉండండి!”

“ముట్టుకోకు!”

ఆ గొంతు విని ఇవలానీ ఉన్నచోటనే నిలిచిపోయింది. గుర్రం రెండోసారి లేచింది. రోవీనా బట్ట మీది చేయి తీసింది. నడుము దగ్గర మిగిలిన మడతలను ఒక్క లాగు లాగి, ఆ పన్నెండు గజాల ఎర్రపట్టునూ గాలికి వదిలేసింది. అది ఎగిరి వెళ్ళి వెనుక వస్తున్న బాజావాళ్ళ మీద కప్పుకొన్నది. రెండు చేతులా పగ్గం అందుకొని, నీళ్ళలో కూర్చున్నట్టు బరువుగా జీనులోకి దిగి, ఆమె పోహకు తలను పక్కకు తిప్పింది. ఒక చుట్టు తిప్పింది. ఇంకొక చుట్టు. “ఏరా, రాయివనుకున్నానే! అయిపోయింది, అయిపోయిందిరా,” అంటూనే ఉన్నది. గుర్రం బుసకొట్టి, వణికి, నిలబడింది.

నడిరోడ్డు మీద, పాఊ రాణి, వెలిసిపోయిన పూల నిక్కరుతో.

ఊరంతా బిగుసుకుపోయింది. పాఊ జారడం కంటే పెద్ద అవమానం ఆ ఊరేగింపులో లేదు. జారినది రోవీనా కెకుము పాఊ! మైకులో ఏదో చెప్పవలసిన క్లారెన్స్ అంకుల్ నోటినుంచి “ఔవే…” అన్న ఒక్కమాట వచ్చి, తరువాత ఊపిరి మాత్రమే వినిపించింది. ఇవలానీ రోడ్డు అంచున కూలబడింది. చుట్టూ ఉన్నవాళ్ళు చూసింది జారిన బట్టను. ఆమె చూసింది దాన్ని వదిలిన చేతిని. ఏప్రిల్ దాకా జీను ఎరుగని మనిషి ఇప్పుడేం చేసిందో ఆ రోడ్డు మీద ఆమె ఒక్కతెకే తెలుసు. ఆ తెలిసినది ఆమె తలలో పట్టడం లేదు.

చివరకు కంచె పక్కనుంచి ఒక ముసలి పానియోలో, “రాణిగారూ, పాఊ ఎక్కడ పారేశారు?” అని అరిచాడు.

“బాజావాళ్ళకి చలేస్తుందంటే కప్పానురా! నీకూ కావాలా?” అన్నది రోవీనా.

అప్పుడు లేచింది నవ్వు. నవ్వులోంచి చప్పట్లు లేచాయి. ఆమె టోపీ సరిచేసుకొని, మడమతో పోహకును తట్టి, రాజుగారి విగ్రహం దాకా మిగిలిన దారి అంతా అలాగే వెళ్ళింది. అక్కడ ఇవలానీ వగరుస్తూ చేరుకొని, కళ్ళెం పట్టుకొని, “దింపనా ఆంటీ?” అన్నది.

“దింపమన్నానా?”

“లేదు.”

“మరి?” అన్నది రోవీనా. ఆమె పెదవులు నీలంగానే ఉన్నాయి. “కాయలకి నూనె రాశావు కదూ?”

“మెరుస్తాయని…”

“మెరిశాయిలే. రోడ్డంతా మెరిశాయి.”

ఆ తరువాత మూడేళ్ళు రోవీనా కెకుము పోహకు మీదనే దుకాణానికీ చర్చికీ వెళ్ళింది. మొదటినుంచీ ఆమె అలాగే వెళ్ళేదని ఊరు నమ్మింది. జూన్‌లో షెడ్డు బయట గుర్రం మీద కూర్చొని, లోపల చుడుతున్న ఇవలానీని కిటికీలోంచి కేకలేసేది. ఇవలానీ దొడ్డిలో పడిన పిల్లలను వెంటనే ఎక్కించడం మానేసింది. ముందుగా పిల్లనే అడుగుతుంది.

నాలుగో ఏట రోవీనాకు గుండె బలహీనపడింది. హీలో పట్నం ఆసుపత్రిలో ఆమెను తలగడ మీదినుంచి తలెత్తనివ్వలేదు. మెడైరోస్ ఇంట చేసిన, చక్కెర అద్దిన మలసాదాలు మూటగట్టుకొని ఇవలానీ వెళ్ళేసరికి డాక్టరు బయటికి పిలిచి, చెప్పవలసినది చెప్పాడు. ఆమె కళ్ళు తుడుచుకొని లోపలికి వచ్చి మంచం పక్కన కూర్చున్నది. పిండివంట చక్కెరను రోవీనా వేలితో అద్దుకొని చప్పరించింది.

“దగ్గరికి రా. ఒకటి అడగాలి.”

పాఊ బట్టల గురించో, పాడవలసిన పాటల గురించో, మట్టి చేయవలసిన చోటు గురించో అయి ఉంటుందని ఇవలానీ గుండె దిటవు చేసుకొని చెవి వంచింది.

“పోహకు మరీ మంచిదే,” అన్నది రోవీనా. “ఇంకో గుర్రాన్ని చూసిపెట్టు నాకు. కొంచెం భయపెట్టేది.”